నాడా దొరికిందని...

తలుపు ఊరికే లాగితే పడదు. పిడి పట్టుకుని కొంచెం పైకెత్తి, అప్పుడు లాగండి. ఆ, అంతే. బీరువా మూసినట్టు "ధబ్" మంది కదా? ఈ బండిలో నేను మొట్టమొదట మనసు పారేసుకున్నది ఆ చప్పుడుకే.

తల జాగ్రత్త. పైకప్పు గుడ్డ జారింది. ఇరవైకి పైగా హైదరాబాద్ ఎండాకాలాలు దాని వెనకున్న స్పాంజిని పిండి చేసేశాయి. ప్రస్తుతానికి గుండుసూదులతో నిలబెట్టాను. మీ నెత్తిన గోధుమరంగు పొడి రాలితే దులుపుకోండి. ఇందులో ఎక్కినవాళ్ళందరూ దులుపుకుంటారు.

మే నెల, ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర. నల్లకుంటలో మా అపార్టుమెంటు సెల్లారు. అటూ ఇటూ కొత్త ఎస్‌యూవీలు. మన బండి వాటి భుజాల దాకా కూడా రాదు. ఫియట్ పాలియో, 1.6 జీటీఎక్స్, 2002 మోడలు. నంబరు ప్లేటు మీద ఏపీ 09.

తాళం సగం తిప్పాను. ఇంకా స్టార్ట్ చేయలేదు, ఆగండి. వెనక సీటు వైపు నుంచి "జుయ్" మని వినిపిస్తోందా? పెట్రోలు పంపు. లైనులో ప్రెషర్ నింపుతోంది. డాష్‌బోర్డు మీద చిన్న దీపం వెలిగింది చూడండి. తాళంలోని చిప్‌ను కారు గుర్తుపడితే అది ఆరిపోతుంది. గుర్తుపట్టకపోతే ఎంత మొర పెట్టుకున్నా ఇంజన్ కదలదు. ఆరింది. పంపు కూడా ఆగింది. ఇప్పుడు.

రెండు తిప్పులు, మూడో తిప్పుకు అందుకుంది. చల్లటి ఇంజన్ కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడుతోంది. పైనుంచి "టక టక" మనే సన్నటి చప్పుడు ఆయిలు పైకెక్కగానే తగ్గిపోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... తగ్గింది. మీరు ఊపిరి పీల్చుకోండి, నేనూ పీల్చుకుంటాను. రోజూ ఇదే తంతు. దేవుడి గదిలో ఇంత శ్రద్ధగా నిలబడ్డానో లేదో మా అమ్మనే అడగాలి.

శ్రీశైలం దారిలో చాంద్రాయణగుట్ట దాటాం. పహాడీషరీఫ్ వెనక్కి వెళ్ళిపోయింది. రోడ్డు ఖాళీ. ఇంజన్ వేడెక్కేదాకా మూడు వేల ఆర్‌పీఎం దాటించను, కాబట్టి కాసేపు కబుర్లు చెప్పుకుందాం.

2017లో దీన్ని నలభై ఎనిమిది వేలకు కొన్నాను. అప్పటికి ఆ డబ్బుకు మంచి స్కూటరు కూడా వచ్చేది కాదు. అంత చవక ఎందుకంటే, దీని పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ ఆ ఏడాదితో అయిపోతోంది. దాన్ని పొడిగించాలంటే ఫిట్‌నెస్ చూపించాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి, ఆర్టీఏ ఆఫీసులో నిలబడాలి. దీని పాత యజమాని పెద్దాయన, ఓపిక లేక అమ్మేశారు. నాకు ఓపిక ఉందనుకున్నాను. మొదటి ఏడాదిలోనే దాని మీద పెట్టింది కొన్న ధరను దాటేసింది. షాకబ్జార్బర్లు, రేడియేటర్ హోసులు, టైర్లు, అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్టు. ఆ రబ్బరు బెల్టు తెగితే పైకి వచ్చే పిస్టన్లు తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. ఆ పైన ఇంజన్ విప్పడం కంటే బండిని తూకానికి అమ్ముకోవడం మేలు. అందుకే పాత కారు కొన్నవాడు సీటు కవర్ల కంటే ముందు బెల్టు మారుస్తాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథ మీరు వినే ఉంటారు. వాడి పక్క సీట్లోనే కూర్చున్నారు ఇప్పుడు.

2022లో మళ్ళీ గడువు వచ్చింది. ఆ ఏప్రిల్ నుంచే పదిహేనేళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు ఐదు వేలయింది. కట్టాను. మళ్ళీ 2027లో.

తుక్కుగూడ దాటాం. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. ఇక ఇంజన్ సంగతి చూద్దాం. మూడో గేరు. ముందు ఎవరూ లేరు, ఎదురుగా ఎవరూ లేరు. పాదం దించుతున్నాను.

రెండు వేల దగ్గర ఏమీ లేదు కదా? బద్ధకం. రెండున్నర వేలు, ఇంకా ఆవలిస్తోంది. మూడు వేలు. ఇదిగో, ఇక్కడ వినండి. గొంతు మారింది! ఇంతసేపూ గొణిగినది ఇప్పుడు గొంతెత్తింది. మీ వీపును సీటు వెనక్కి లాగింది. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగేసి, మొత్తం పదహారు వాల్వులు. గాలి లోపలికి రావడానికి రెండు ద్వారాలు, పొగ బయటికి పోవడానికి రెండు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అన్ని ద్వారాల అవసరం ఉండదు. పరుగు అందుకున్నాకే ఆ ఊపిరి విలువ తెలుస్తుంది. ఎనభై దగ్గర పాదం తీసేశాను. చాలు. దీని మజా వంద దాటితే ఉండదు, ముప్ఫై నుంచి ఎనభై దాకా ఎలా వచ్చిందన్నదే మజా.

2001లో ఇది మన దేశానికి వచ్చినప్పుడు చిన్న కారంటే మారుతి 800. 796 సీసీ, 37 గుర్రాల బలం. అలాంటి రోజుల్లో చిన్న కారు ఒంట్లోనే 1596 సీసీ ఇంజన్ పెట్టి, వంద గుర్రాలు కట్టి వదిలారు. ఇలా చిన్న ఒంట్లో పెద్ద బలం పెట్టిన కారును హాట్ హ్యాచ్ అంటారు. నిజానికి ఇటలీవాడు దీన్ని హాట్ హ్యాచ్ అంటే నవ్వుతాడు. వాడి దృష్టిలో హాట్ హ్యాచ్ అంటే ఊనో టర్బో, లేదంటే 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్ళు ప్రపంచ ర్యాలీ టైటిల్ గెలిచిన లాంచా డెల్టా. పాలియో అసలు బ్రెజిల్ లాంటి దేశాల గతుకుల రోడ్ల కోసం పుట్టిన బండి. 1996లో ముందుగా అక్కడే అమ్మారు. మన దగ్గరికి వచ్చిన రూపం కార్ల డిజైనర్ జుజారో దిద్దినది. అయినా మనకు ఇదే హాట్ హ్యాచ్. ఆకలి మీద ఉన్నవాడికి ఉల్లిపాయ పచ్చిపులుసైనా విందే.

అప్పట్లో దీని ప్రకటనల్లో సచిన్ టెండూల్కర్ ఉండేవాడు. ఎస్10 అని ఆయన పేరు మీద ఒక ప్రత్యేక పాలియో కూడా వచ్చింది. 2002లో సచిన్ ఇరవై తొమ్మిదో టెస్టు సెంచరీ కొట్టి బ్రాడ్‌మన్ సరసన నిలబడ్డప్పుడు ఫియట్ వాళ్ళు ఆయనకు ఫెరారీ 360 మొడేనా ఇచ్చారు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని నేను కోరుకున్నది మాత్రం ఫెరారీ కాదు. అది మనకు రాదని ఆ వయసుకే తెలుసు. పాలియో మాత్రం ఏదో ఒక రోజు వస్తుందనిపించింది. వచ్చింది, పదిహేనేళ్ళు ఆలస్యంగా, ముసలిదై.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి. తూర్పు తెల్లబడి, ఎర్రబడి, ఇప్పుడు మీ కళ్ళలోకే కొడుతోంది. ఆ సన్‌వైజర్ దించకండి, ఊడి చేతికొస్తుంది. డిండి చెరువు కట్ట పక్కన చాయ్ బండి దగ్గర ఆపాను. దిగండి, కాళ్ళు చాపుకోండి.

చాయ్ పోసే ఆయన గ్లాసు నా చేతికిస్తూ బండి చుట్టూ ఒక చూపు తిప్పాడు.

"ఇది ఫియటా సార్? ఇంకా నడుస్తుందా?"

"నడుస్తోంది అన్నా. హైదరాబాద్ నుంచి వస్తున్నాం."

"పార్టులు దొరుకుతయా మరి?"

ఈ ప్రశ్న అడగనివాడు నాకింకా తగల్లేదు. మన దేశంలో ఫియట్ పేరు మీద కార్ల అమ్మకాలు 2019తో ముగిశాయి. ఇప్పుడు పార్టు కావాలంటే ముందు పుత్లీబౌలి, తర్వాత రాణిగంజ్. అక్కడా లేకపోతే ముంబయి కుర్లాలో సీఎస్‌టీ రోడ్డు మీది పాత సామాన్ల దుకాణాల నుంచి పార్సిల్. ఈ బండి తయారైంది కూడా ఆ కుర్లాలోనే. అంతకుముందు ఏళ్ళ తరబడి ప్రీమియర్ పద్మినీలు బయటికొచ్చిన ఫ్యాక్టరీ అది. మా నాన్న తరం వాళ్ళకు ఫియట్ అంటే ఆ పద్మినీయే, స్టీరింగు పక్కన గేరుండే డాక్టరు గారి కారు. ముసలితనంలో వైద్యానికి పుట్టింటికి పోయినట్టు మన బండికి కావలసినవన్నీ ఇప్పటికీ కుర్లా నుంచే వస్తాయి.

"మైలేజీ ఎంతిస్తది?"

"సిటీలో తొమ్మిది."

ఆయన నా ముఖంలోకి చూసి, జాలిపడి, ఇంకో బిస్కెట్ ఇచ్చాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.

గుర్రమంటే గుర్తొచ్చింది. పాలియో అన్నది ఒక గుర్రప్పందెం పేరు. ఇటలీలో సియెనా అనే ఊళ్ళో ఏటా జూలై 2న, ఆగస్టు 16న జరుగుతుంది. ఊరి నడిబొడ్డున గవ్వలా పల్లంగా ఉన్న మైదానం చుట్టూ మట్టి పరుస్తారు. పదిహేడు పేటల్లో పది పేటల గుర్రాలు దిగుతాయి. జీను ఉండదు. మూడు చుట్లు. నిమిషంన్నర కూడా పట్టదు. మలుపుల దగ్గర రౌతులు గోడలకు కొట్టుకుని పడిపోతుంటారు. అక్కడే ఉంది అసలు సంగతి. రౌతు పడిపోయినా గుర్రం ముందుగా గీత దాటితే గెలిచినట్టే లెక్క. రౌతు లేని గుర్రానికి కూడా పట్టు జెండా ఇస్తారు. ఆ జెండా పేరే పాలియో.

ఇవాళ్టి కార్లు ఆ గుర్రాల లాంటివే. గీత మీద అవే నడుస్తాయి, అవే బ్రేకు వేస్తాయి, పైనున్నవాడు ఉన్నాడో పడ్డాడో పట్టించుకోవు. ఆ పేరు పెట్టుకున్న ఈ బండి మాత్రం రౌతు లేకుండా పది గజాలు కదలదు.

మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఈ గేటు మూసేస్తారు, అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇక్కడి నుంచి మన వేగం నలభై. మూడో గేరులో, పాదం ఆనీ ఆననట్టు. కిటికీ దించండి. మీ వైపు అద్దం స్విచ్చి నొక్కితే సగం దాకా వస్తుంది, మిగతా సగానికి అరచేత్తో సాయం చేయాలి. వాసన వస్తోందా? ఎండుటాకులు, ఎక్కడో కాలిన గడ్డి. రోడ్డు పక్కన కోతులు వరసగా కూర్చుని, వచ్చే ప్రతి బండినీ తనిఖీ చేస్తున్నాయి.

దోమలపెంట దాటాం. ఈగలపెంట దాటాం. ఇక దిగుడు మొదలు.

ఇందుకే వచ్చాం. రోడ్డు ఒక్కసారిగా కిందికి వంగి, కొండను చుట్టుకుంటూ కృష్ణ వైపు దిగుతుంది. మలుపుకు ముందే బ్రేకు, గేరు రెండోది. లివర్ చేతికి దూరం, గరిటె తిప్పినట్టు పెద్దగా తిప్పాలి. హారన్ ఒకసారి. స్టీరింగు తిప్పుతున్నాను. దీనిది పాతకాలపు హైడ్రాలిక్ స్టీరింగు, కొత్తవాటి కంటే బరువు. అందుకే ముందు టైరు దేని మీదుగా పోతోందో నా అరచేతులకు తెలుస్తుంది. ఇది కంకర. ఇది అతుకు వేసిన తారు. ఇదిగో, ఇక్కడ టైరు కాస్త జారబోయి పట్టుకుంది, చూశారా? బండి బయటి వైపుకు వాలింది, మీ భుజం తలుపుకు ఆనింది, వాలి అక్కడ స్థిరపడింది. మలుపు సగం దాటాక పాదం మెల్లగా. నాలుగు వేలు. ఆ గొంతు కొండకు తగిలి మన కిటికీలోకే తిరిగొచ్చింది! స్పీడోమీటర్ చూడండి. నలభై రెండు. అంతే. మీ చెయ్యి మాత్రం పైనున్న పిడి పట్టుకునే ఉంది.

ఒకటి తర్వాత ఒకటి, మలుపు తర్వాత మలుపు. మాటలు ఆగిపోయాయి. బ్రేకు, గేరు, హారన్, మలుపు, గొంతు. నెలంతా నేను కట్టే లెక్కలన్నీ ఈ పావుగంటకే.

పాతాళగంగ వంతెన. ఎదురుగా శ్రీశైలం డ్యామ్, ఈ ఎండాకాలంలో గేట్లన్నీ మూతబడి, రాళ్ళ మధ్య పల్చగా నీళ్ళు. వంతెన ఇవతల తెలంగాణ, అవతల ఆంధ్రప్రదేశ్. ఈ బండికి ఏపీ నంబరు వేసిన నాడు రెండూ ఒకటే. తర్వాత హైదరాబాద్‌లో కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. ఇది మాత్రం ఏపీ అనే రాసుకుని తెలంగాణలో తిరుగుతూ, ఇలా అప్పుడప్పుడు వంతెన దాటి తన ప్లేటు మీది అక్షరాలను పలకరించి వస్తుంటుంది.

వంతెన దాటగానే ఎక్కుడు. పదిన్నర అయింది, ఎండ మండుతోంది. ముందు బస్సు, దాని ముందు లారీ, దాని ముందు ఫోటోల కోసం అడ్డంగా ఆపిన జీపు. మొదటి గేరు. ఆగడం, పాకడం, ఆగడం.

ష్... ఒక్క నిమిషం. మీకేమైనా వినిపిస్తోందా?

వినిపించడం లేదు కదా. అదే భయం. ఇంత ఎండలో, ఇంత నెమ్మదిగా ఎక్కుతుంటే ఈపాటికి ముందు "భుర్రు" మని రేడియేటర్ ఫ్యాన్ మొదలవ్వాలి. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే నీళ్ళను చల్లబరుస్తుంది. ఇలా పాకేటప్పుడు ఫ్యానే దిక్కు. అది తిరగడం లేదు. ముల్లు చూడండి, మధ్య గీత దాటింది.

ఏసీ కట్టేశాను. కిటికీలు పూర్తిగా దించండి, అద్దానికి సాయం చేయండి. ఇప్పుడు చేసేది చూసి నన్ను తిట్టుకోకండి. హీటర్ ఫుల్లు పెడుతున్నాను. అవును, మే నెలలోనే. హీటర్ అంటే లోపల ఇంకో చిన్న రేడియేటర్. ఇంజన్ వేడి నీళ్ళు దానిలోంచి కూడా పోతాయి. దాని బ్లోయర్ తిప్పితే ఆ వేడి కొంత మన మీదికి వచ్చేస్తుంది. ఇంజన్ జ్వరాన్ని మనం పంచుకుంటున్నామన్నమాట. కాళ్ళ దగ్గర పొయ్యి రాజేసినట్టుందా? చెప్పులు విప్పకండి, ఇంకా కాలుతుంది. మీ చొక్కా వీపుకు అంటుకుపోయింది, నాదీ అంతే. ముల్లు ఆగింది. ఆగింది... వెనక్కి వెంట్రుకవాసి జరిగింది.

అదిగో ఆ చెట్టు నీడ. పక్కకు తీసి, ఇంజన్ కట్టేసి, బానెట్ తెరిచాను. రేడియేటర్ మూత జోలికి వెళ్ళకండి, పొరపాటున తిప్పితే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. ఉస్తాద్‌కు ఫోన్ చేద్దాం.

ఉస్తాద్ షెడ్డు ముషీరాబాద్‌లో. అక్కడ కంప్యూటర్ ఉంది, కానీ దాని మీద తువ్వాలు ఆరేసి ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. "సార్, మూడో దానిల చప్పుడుంది" అంటాడు. ఉంటుంది.

"ఉస్తాద్, ఫ్యాన్ తిరగడం లేదు."

"ఫ్యూజు చూసిండ్రా?"

"చూశాను. బాగానే ఉంది."

"డైరెక్ట్ వైరు పెడితే తిరుగుతుందా?"

అదీ చేశాను. తిరిగింది. అంటే మోటారు బతికే ఉంది.

"గట్లయితే రిలే పోయింది. హారన్‌ది పీకి దీనికి పెట్టుండ్రి. రెండు ఒక్కటే సైజు."

"మరి హారన్?"

"హారన్ లేకుంటే బండి నడుస్తది సార్. ఫ్యాన్ లేకుంటే నడవది."

ఆ రిలే పోయినేడు ఒక దుకాణంలో ఒరిజినల్ అని చెప్పి అంటగట్టింది. అగ్గిపెట్టెలో సగమంత నల్లటి డబ్బా. లోపల ఒక తీగచుట్ట, ఒక చిన్న నాలుక. తీగలో కరెంటు పారితే నాలుక "టక్" మని అంటుకుని ఫ్యాన్‌కు దారి వదలాలి. ఇప్పుడు అంటుకోవడం లేదు. పీకి జేబులో వేసుకున్నాను. హారన్‌ది తీసి ఆ గుంతలో నొక్కాను. మీరు తాళం తిప్పండి. భయం లేదు, మీకూ ఆ దీపం సంగతి తెలుసు కదా. ఆరిందా? తిప్పండి.

ఒక నిమిషం. ముల్లు మెల్లగా పైకి. రెండు నిమిషాలు. ఇద్దరం ఊపిరి బిగబట్టి బానెట్ వైపు చెవులు పెట్టాం.

టక్. భుర్రు!

మీ ముఖం మీద ఆ నవ్వేమిటండీ? ఇరవై రూపాయల చాయ్ కూడా చేయని పనిని పాత ఫ్యాన్ చప్పుడు చేసింది. నేను చెప్పాలనుకున్నదంతా ఆ నవ్వులోనే ఉంది. చవకగా వచ్చిందని దీన్ని కొన్నాను గానీ, చవకైనది ధర ఒక్కటే. మిగతాదంతా చెవులతో, వేళ్ళతో, ఓపికతో వాయిదాలు కడుతూనే ఉన్నాను. కట్టినకొద్దీ నాదవుతోంది.

శ్రీశైలం చేరి గుడికి వెళ్ళాం, దర్శనం అయింది. పులిహోర తిన్నాం. తిరుగు ప్రయాణం హారన్ లేకుండా. మలుపు మలుపుకూ హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ, వచ్చేటప్పటి వేగంలో సగానికి ఎక్కించాను. హారన్ లేదని తెలిశాక మనిషి ఎంత మర్యాదస్తుడవుతాడో! చీకటి పడకముందే మన్ననూరు గేటు దాటాం. చాంద్రాయణగుట్ట దగ్గర ఊరంతా మన వెనక హారన్లు మోగిస్తుంటే, బదులు చెప్పలేక, మూగవాడిలా నవ్వుతూ వచ్చాం.

రాత్రి పది. నల్లకుంట. మా వీధి మూల తిరిగాను, రెండో గేరు. గేటు దగ్గర రోజూ రెండుసార్లు హారన్ కొడితే వాచ్‌మన్ కుర్చీలోంచి లేస్తాడు. ఇవాళ దిగి తట్టాలి కాబోలనుకుంటూ బెల్టు మీద చెయ్యి వేశాను.

గేటు అప్పటికే బార్లా తెరిచి ఉంది. పక్కన వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"హారన్ కొట్టలేదే, ఎలా తెలిసింది?"

"కొట్టుడెందుకు సార్. మూల తిరిగినప్పుడే మీ బండి ఇనబడ్డది."